పక్కకి వంగి చూడాల్సిన పళ్లెం

సాలార్‌జంగ్ మ్యూజియం అంటే నాకు మొన్నటిదాకా గంట కొట్టే గడియారం, ముసుగు రెబెక్కా, అంతే. ఈ సెలవుల్లో వెళ్తే చైనా పింగాణీ దగ్గర ఒక లేతాకుపచ్చ పళ్లెం ఆపేసింది. సెలడాన్ అంటారు. మట్టి ఆరకముందే పువ్వులు గీసి, పైన గ్లేజ్ పూసి కాలుస్తారు. పక్కకి వంగి చూస్తేనే గీతలు కనబడతాయి. విషం పడితే ఇలాంటి పాత్ర పగులుతుందని అప్పటి రాజులు నమ్మేవాళ్లట!

ఇవి పోగేసింది మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీ ఖాన్. 1889లో పుట్టారు. నెల తిరగకముందే తండ్రి పోయారు. 1912లో, ఇరవై మూడేళ్లకే నిజాం దివాన్ అయ్యారు. 1914లో ఆ పదవి వదిలేశారు. పెళ్లి చేసుకోలేదు. మిగతా జీవితం, జాగీరు ఆదాయంలో చాలా భాగం వస్తువులకే పెట్టారు. 1949లో పోయారు. రెండేళ్లకి ఆయన ఉన్న దివాన్ దేవిడిలోనే నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు.

మాది పాలమూరు. మా వైపు కోస్గి ఆయన జాగీరే. అంటే మబ్బుల కోసం చూస్తూ జొన్నలు పండించినోళ్ల శిస్తు కూడా ఆ అద్దాల వెనక ఉంది. కోపమొచ్చింది. కానీ ఆయన కొనకపోతే ఆ పళ్లెం నేను చూసేవాణ్ణే కాదు. రెండూ నిజమే. మీరు వెళ్తే కొంచెం పక్కకి వంగి చూడండి.