లెక్కల మాస్టారు లైబ్రేరియన్ అయిన వైనం

1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయం తన మొదటి లైబ్రేరియన్‌గా ఓ లెక్కల లెక్చరర్‌ని తీసుకుంది. ఆయనే శియాళి రామామృత రంగనాథన్. చేరిన కొద్ది రోజులకే ఆ ఒంటరితనం భరించలేక, పాత ఉద్యోగం ఇప్పించమంటూ ప్రెసిడెన్సీ కాలేజీకి పరుగెత్తారు. ముందు లండన్ వెళ్ళి ఈ విద్య నేర్చుకుని రమ్మని, అప్పటికీ మనసు పట్టకపోతే వెనక్కి రావచ్చని ఒప్పించి పంపారు.

తంజావూరు జిల్లా శీర్కాళిలో 1892లో పుట్టిన మనిషి. చిన్నప్పటి నత్తిని జయించి మేష్టారయ్యారు. లండన్‌లో సేయర్స్ దగ్గర పుస్తకాల వర్గీకరణ నేర్చుకుంటూ ఎన్నో గ్రంథాలయాలు చూశారు. ముందే కట్టిన గూళ్ళలో విషయాలను సర్దడం ఆయనకు నచ్చలేదు. కొత్త శాస్త్రం పుడితే గూడేదీ? ఓ దుకాణంలో మెకానో బొమ్మ చూశాక జవాబు తట్టింది. అవే బద్దీలు, అవే నట్లు, బోల్టులు. బిగించే తీరు మారితే బొమ్మ మారుతుంది. 1933లో వచ్చిన ఆయన కోలన్ వర్గీకరణకు మూలం అదే. ఏ విషయాన్నయినా విడగొట్టి చూడమన్నారు: దేని గురించి, ఏ పదార్థం, ఏం జరుగుతోంది, ఎక్కడ, ఎప్పుడు.

ఇంజనీరుగా నాకీ ఐదు ప్రశ్నలే ఇష్టం. మా కుర్ర ఇంజనీర్లు కాంక్రీటు పగుళ్ళ మీద ఫోన్‌లో ముందు దొరికింది పట్టుకొస్తారు. ఎక్కడ అని అడిగితే అది చలిదేశపు రిపోర్టు. ఎప్పుడు అని అడిగితే 1978 నాటి ఐఎస్ 456. దాన్ని 2000లోనే మార్చేశారు.

1925లో తిరిగొచ్చాక రంగనాథన్ పాత ఉద్యోగం ఊసెత్తలేదు. అలమరల మధ్యకు పాఠకులను రానిచ్చారు. (మన రోజుల్లో అద్దాల బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుండేదో బ్యాచ్‌మేట్లకు చెప్పనక్కర్లేదు!) అంతకన్నా పెద్ద పని రిఫరెన్సు సేవ. కొత్తగా చేరిన విద్యార్థికి కేటలాగు ఎలా చూడాలో, ఏ ప్రశ్నకు ఏ పుస్తకం తెరవాలో పక్కన నిలబడి నేర్పించడం లైబ్రేరియన్ బాధ్యతన్నారు. కొన్ని ప్రశ్నలకు నిమిషంలో జవాబు దొరుకుతుంది, కొన్నిటికి రోజులు వెతకాలి. ఈ రెండిటినీ వేరుగా చూడమన్నారు. పుస్తకాలున్నది వాడకానికేనన్న మాటతో మొదలయ్యే పంచసూత్రాలు 1931లో అచ్చయ్యాయి.

ఆయన ఏళ్ళ తరబడి పట్టుబట్టగా వచ్చిన 1948 మద్రాసు గ్రంథాలయ చట్టం కోస్తా, రాయలసీమ జిల్లాలకూ వర్తించింది. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కట్టడం మనకు అలా మొదలైంది.

తర్వాత బెనారస్, ఢిల్లీ, జ్యూరిచ్, చివరికి బెంగళూరు. 1962లో అక్కడ డాక్యుమెంటేషన్ శిక్షణ కేంద్రం పెట్టి, 1972లో కన్నుమూసే దాకా ఆ ఊళ్ళోనే ఉన్నారు. అంతకుముందే, కూడబెట్టిన సొమ్ములో లక్ష రూపాయలు మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు, గ్రంథాలయ శాస్త్రంలో ఓ ప్రొఫెసర్ పదవి కోసం. దానికి తన పేరొక్కటే పెట్టుకోలేదు. భార్య శారద పేరు ముందు చేర్చారు.