సగం సీసపు గుండు – డేనియల్ బూన్ కథ

నవంబరు వచ్చిందంటే మన ఆఫీసుల్లో ఒకరిద్దరైనా సెలవు పెట్టి జింకల వేటకి వెళ్తుంటారు. ఎం.ఎస్. చదవడానికి వచ్చిన కొత్తలో నాకిది వింతగా అనిపించేది. ఉద్యోగంలో చేరాక ఒకరోజు పక్క క్యూబ్ మిత్రుడు లంచ్ టేబుల్ మీద రెండు గుండ్లు పెట్టి, ఈ ఏడు ఏది వాడాలో తేలడం లేదన్నాడు. ఒకటి గోళీకాయలాంటి గుండ్రటి సీసపు గుండు. రెండోది సేబో అనే ప్లాస్టిక్ తొడుగులో ఇమిడిన మొనదేలిన బుల్లెట్. అతనిది మందూ గుండూ గొట్టం మూతిలోంచి దట్టించే మజిల్‌లోడర్. మన పల్లెల్లో నాటు తుపాకీ అంటామే, ఆ జాతిదే. చాలా రాష్ట్రాల్లో వీటికి విడిగా ఒక వేట సీజన్ ఉంటుంది.

నాకు వేట తెలియదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. కానీ ఆ గుండ్రటి గుండు గురించి అడుగుతూ పోతే డేనియల్ బూన్ దగ్గర తేలాను. 1960ల నాటి టీవీ సీరియల్ పుణ్యమా అని రకూన్ తోలు టోపీ పెట్టుకున్న వీరుడిగా ఇక్కడ అందరికీ తెలుసు. అసలు బూన్ ఆ టోపీ పెట్టేవాడు కాదట, మామూలు ఫెల్ట్ టోపీయే పెట్టేవాడట.

బూన్ 1734లో పెన్సిల్వేనియాలో, నేటి రెడింగ్ ఊరి దగ్గర, ఒక క్వేకర్ కుటుంబంలో పుట్టాడు. పన్నెండు పదమూడేళ్లకే చేతికి రైఫిల్ వచ్చింది. తర్వాత కుటుంబం నార్త్ కెరొలైనాలోని యాడ్కిన్ లోయకి తరలింది. 1756లో రెబెకా బ్రయన్‌ని పెళ్లాడాడు. పదిమంది పిల్లలు. వేసవిలో వ్యవసాయం, చలికాలంలో నెలల తరబడి అడవిలో వేట. మాంసం ఇంటికి, తోళ్లు సంతకి. మగజింకని బక్ అంటారు కదా, డాలరుకి బక్ అనే పేరు ఆ తోళ్ల వ్యాపారంలోంచే వచ్చిందంటారు.

ఆ వ్యాపారంలో పెట్టుబడి అంటే మందు, సీసం. రెండూ వందల మైళ్ల దూరం నుంచి గుర్రాల మీద మోసుకు రావాలి. అందుకే వేటగాళ్లు చిన్న గుండు ఎంచుకునేవారు. లెక్క చూడండి. బ్రిటిష్ సైనికుల మస్కెట్ గుండ్లు పౌను సీసానికి పద్నాలుగో ఎన్నో వస్తాయి. అదే 50 క్యాలిబర్ రైఫిల్‌కి, అంటే గొట్టం లోపలి వెడల్పు అర అంగుళం ఉన్నదానికి, సుమారు 40 వస్తాయి. 45 క్యాలిబర్ అయితే 55 దాకా పోయవచ్చు. జింకకి అది చాలు. గుండు చిన్నదైతే మందు కూడా తక్కువే పడుతుంది.

గుండు గొట్టం కన్నా కాస్త సన్నగా ఉంటుంది. కొవ్వు రాసిన గుడ్డముక్కలో చుట్టి కడ్డీతో లోపలికి దట్టిస్తారు. గొట్టం లోపలి మెలికల గాడులు ఆ గుడ్డని పట్టుకుని గుండుని గిర్రున తిప్పుతాయి. అందువల్ల అది సూటిగా పోతుంది. కాకపోతే గుండ్రటిది కాబట్టి గాలిలో త్వరగా వేగం తగ్గుతుంది. అంటే వేటగాడే జింకకి దగ్గరగా వెళ్లాలి. బూన్ గొప్పదనం అక్కడే ఉంది.

1769 మేలో మరో అయిదుగురితో కలిసి కెంటకీ అడవులకి బయలుదేరాడు. ఆ నేల షానీ, చెరోకీ తెగల వేటభూమి. తమ జింకల్ని తోళ్ల కోసం చంపుకుపోవడం వాళ్ల దృష్టిలో దొంగతనమే. ఆ డిసెంబరులో షానీలు బూన్‌ని పట్టుకుని, నెలల తరబడి కూడబెట్టిన తోళ్లన్నీ తీసుకుని, మళ్లీ రావద్దని చెప్పి వదిలేశారు. అయినా అతను వెనక్కి పోలేదు. 1770లో మందు, సీసం అయిపోవస్తే తమ్ముడు స్క్వయర్ వాటికోసం వెనక్కి వెళ్లాడు. మూడు నెలల పాటు బూన్ ఒక్కడే అడవిలో ఉన్నాడు. 1771లో ఇల్లు చేరేటప్పటికి దారిలో మళ్లీ దోపిడీ. రెండేళ్ల కష్టానికి చేతిలో మిగిలింది దాదాపు సున్నా.

1775లో కంబర్లాండ్ కనుమ గుండా బాట వేసి బూన్స్‌బరో అనే కోట కట్టాడు. 1778 ఫిబ్రవరిలో తనవాళ్లతో ఉప్పు వండడానికి వెళ్లినప్పుడు షానీలకి చిక్కాడు. వాళ్ల నాయకుడు బ్లాక్‌ఫిష్ అతన్ని కొడుకుగా దత్తత తీసుకున్నాడు. షెల్టోవీ, అంటే పెద్ద తాబేలు, అని పేరు కూడా పెట్టాడు.

చరిత్రకారులు చెప్పే ఒక ముచ్చట ఇక్కడిదే. వేటకి పంపేటప్పుడు గుండ్లు లెక్కపెట్టి ఇచ్చేవారట, వచ్చాక మళ్లీ లెక్క అడిగేవారట. బూన్ గుండుని రెండు ముక్కలు చేసి, మందు కూడా సగమే వేసి కొట్టేవాడు. మిగిలినది దాచుకునేవాడు. సగం గుండు సూటిగా పోదు, బలమూ తక్కువే. మరీ దగ్గరికి పోతేనే పని జరుగుతుంది. ఆ నేర్పు అతని దగ్గర ఉంది.

కోట మీదికి దాడి సిద్ధమవుతోందని తెలిసి జూన్ 16న తప్పించుకున్నాడు. 160 మైళ్లు నాలుగు రోజుల్లో దాటి బూన్స్‌బరో చేరాడు. అప్పటికే అతను పోయాడనుకుని రెబెకా పిల్లలతో నార్త్ కెరొలైనా వెళ్లిపోయింది. కూతురు జెమైమా మాత్రం అక్కడే ఉంది. సెప్టెంబరులో నాలుగు వందలకి పైగా యోధులు కోటని ముట్టడించారు. లోపల పోరాడగలిగినవాళ్లు అరవై మంది దాకా ఉన్నారు. పది రోజులు నిలబడ్డారు. ముట్టడి ఎత్తేశాక కోట చుట్టూ ఏరుకున్న సీసం 125 పౌన్లు! గోడ దుంగల్లో దిగబడింది వేరే. మళ్లీ కరిగించి గుండ్లు పోసుకోవడానికి అదే వాళ్లకి ఐశ్వర్యం.

ఇంత చేసినా సొంత మనుషులే శత్రువులతో చేతులు కలిపాడని సైనిక విచారణకి నిలబెట్టారు. నిర్దోషి అని తేలి పదోన్నతి కూడా వచ్చింది. కానీ ఇద్దరు కొడుకులు ఈ పోరాటాల్లో పోయారు, 1773లో జేమ్స్, 1782లో ఇజ్రాయెల్.

సగం గుండు కూడా వృథా చేయని ఈ మనిషి కాగితం దగ్గర మాత్రం ఓడిపోయాడు. కెంటకీలో ఒకే నేలకి ముగ్గురు నలుగురు హక్కుదార్లు ఉండేవారు. సర్వే, రిజిస్ట్రేషన్, లాయర్లు, దావాలు... మన ఊళ్లలో పట్టా తగాదాల్లాంటివే. బూన్ వేల ఎకరాలు పోగొట్టుకున్నాడు. 1799లో మిస్సోరీకి వలస పోతే అక్కడి స్పెయిన్ పాలకులు భూమి ఇచ్చారు. ఆ ప్రాంతం అమెరికా చేతికి వచ్చాక సరైన పత్రాలు లేవని అదీ పోయింది. 1814లో కాంగ్రెస్ తిరిగి ఇచ్చింది. దాన్ని అమ్మి పాత అప్పులు తీర్చాడట. 1820 సెప్టెంబరు 26న, 85 ఏళ్ల వయసులో, కొడుకు నేథన్ ఇంట్లో కన్నుమూశాడు.

సైన్యాల చేతిలో గుండ్రటి గుండు స్థానాన్ని మొనదేలిన గుండు ఆక్రమించింది బూన్ పోయాకే. ఫ్రెంచి అధికారి మినియే తన గుండుని 1849లో తయారుచేశాడు. సేబోలు ఇంకా చాలా తర్వాతివి. వీటితో ఎక్కువ దూరం కొట్టవచ్చు. కొలరాడో లాంటి చోట మజిల్‌లోడర్ సీజన్‌లో సేబోలు వాడనివ్వరు. వేటగాడు జింకకి దగ్గరగా వెళ్లాలన్నదే ఆ సీజన్ ఉద్దేశం కదా! మా మిత్రుడు చివరికి గుండ్రటి గుండే తీసుకెళ్లాడు. దగ్గరికి పోలేకపోతే కొట్టకుండా తిరిగి రావడమే మర్యాద అన్నాడు.

సెయింట్ లూయిస్ వైపు వెళ్లేవాళ్లు డిఫయన్స్ ఊరి దగ్గర నేథన్ కట్టిన ఆ రాతి ఇల్లు చూడవచ్చు. వీసా కాగితాలు, ఇంటి కాగితాలు జాగ్రత్తగా ఫైళ్లలో పెట్టుకునే మనకి బూన్ కథ రెండో సగం బాగానే అర్థమవుతుంది. ఉన్న కొంచెం సీసంతో ఎలా గట్టెక్కాలన్న మొదటి సగం కూడా తెలుసుకోదగ్గదే.