మనామా ఆసుపత్రి వెనుక ఒక జీవితం

బహ్రెయిన్‌లో ఉంటున్న తెలుగువారిలో మనామాలోని అమెరికన్ మిషన్ హాస్పిటల్ పేరు వినని వారు తక్కువ. జ్వరానికో, పంటి నొప్పికో ఆ గడప తొక్కినవారు మనలో చాలామందే ఉంటారు. కానీ దానికి బీజం వేసిన శామ్యూల్ జ్వేమర్ గురించి తెలిసినవారు అరుదు.

జ్వేమర్ 1867 ఏప్రిల్ 12న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, డచ్ వలస కుటుంబంలో జన్మించారు. తండ్రి పాస్టరు. పదిహేను మంది సంతానంలో ఈయన పదమూడవవారు. 1889లో, ఇంకా వేదాంత విద్యార్థిగా ఉండగానే, మిత్రుడు జేమ్స్ కాంటిన్‌తోనూ, గురువు లాన్సింగ్‌తోనూ కలిసి అరేబియన్ మిషన్ స్థాపించారు. వారి చర్చి బోర్డు దగ్గర అందుకు డబ్బు లేదు. అప్పుడు మిత్రులిద్దరూ ఒక పని చేశారు. కాంటిన్ జీతం కోసం జ్వేమర్, జ్వేమర్ జీతం కోసం కాంటిన్ చందాలు పోగుచేశారు. ఎవరి కోసం వారు చేయి చాచలేదు.

1892 చివరలో జ్వేమర్ బహ్రెయిన్ చేరారు. అప్పటికి ఇక్కడ చమురు బయటపడలేదు. ముత్యాల వేటే జీవనాధారం. ఆధునిక ఆసుపత్రి లేదు. జ్వేమర్ డాక్టరు కారు. అయినా తెలిసిన కొద్దిపాటి వైద్యంతో మందులిచ్చేవారు, పళ్లు పీకేవారు. 1896లో నర్సు ఎమీ విల్క్స్‌ను వివాహం చేసుకున్నారు. పరాయి మగవాడికి నాడి చూపించని స్త్రీలకు ఆమె రాక పెద్ద ఆసరా అయింది. న్యూయార్క్‌కు చెందిన మేసన్ కుటుంబం ఇచ్చిన విరాళంతో 1903లో మేసన్ మెమోరియల్ హాస్పిటల్ ప్రారంభమైంది. నేటి అమెరికన్ మిషన్ హాస్పిటల్ అదే.

మరుసటి ఏడాదే ఆ దంపతులకు గుండె పగిలే దుఃఖం ఎదురైంది. 1904 జులైలో ఏడేళ్ల కేథరీనా, నాలుగేళ్ల రూత్ ఎనిమిది రోజుల తేడాలో కన్నుమూశారు. ఇద్దరినీ బహ్రెయిన్ మట్టిలోనే ఖననం చేశారు. అంతటి దెబ్బ తగిలినా ఆ దంపతులు సేవ విరమించలేదు.

జ్వేమర్ ప్రధానంగా మత ప్రచారకులు. ఆ పనిలో ఆయన చూసిన ఫలితం బహు స్వల్పం. 1912లో కైరోకు, 1929లో ప్రిన్స్‌టన్‌కు వెళ్లి, 1952 ఏప్రిల్ 2న న్యూయార్క్‌లో మరణించారు. ఆసుపత్రి మాత్రం నిలిచింది. మతం, దేశం చూడకుండా నేటికీ రోగులు అక్కడికి వస్తున్నారు.

మనవారికి వెల్లూరు ఆసుపత్రి సుపరిచితం. దానిని స్థాపించిన ఐడా స్కడర్ కుటుంబం కూడా జ్వేమర్ చర్చికి చెందినదే. ముక్కూ మొహం తెలియని దాతలు ఎక్కడో ఇచ్చిన సొమ్ము ఇటు మనామాలో, అటు వెల్లూరులో మన దాకా చేరింది. సంపాదనకై గల్ఫ్ చేరిన మనం, కష్టంలో ఉన్న ఒక్క కార్మిక సోదరునికైనా చేయూతనిస్తే ఆ బాకీలో కొంతైనా తీర్చినవారమవుతాము.