దేవుని తప్ప మరెవరిని అడుగని జార్జి ముల్లర్

శతవార్షికోత్సవ సన్నాహములలో మేము కొంతకాలముగా లెక్కలతోనే ప్రొద్దుపుచ్చుచున్నాము. చందా పుస్తకములు, పందిరి ఖర్చు, భోజనముల ఖర్చు, ఈ సంచికకు కాగితము, అచ్చుకూలి. ఒక రాత్రి కమిటీ ముగించి గుడికి తాళము వేయునప్పుడు, ఆ సాయంత్రము ప్రార్థన చేసి కూర్చున్నామా లేదా అన్నది మాలో ఎవరికీ జ్ఞాపకము రాలేదు. ఆ సంగతి మనస్సులో ముల్లువలె ఉండిపోయింది. అందుచేతనే మా వంతు వ్యాసమునకు జార్జి ముల్లర్ గారి జీవితమును ఎన్నుకొన్నాము. ఆయన పేరు సంఘములో వినని వారుండరు. పాలబండి వచ్చి ఆగిన కథ సండే స్కూలు పిల్లలకు కూడా కంఠతా వచ్చును గనుక దానిని విడిచి, తక్కువగా చెప్పుకొనే సంగతులే వ్రాయుచున్నాము.

ఆయన 1805 సెప్టెంబరు 27న ప్రష్యా దేశములోని క్రోపెన్‌స్టెట్ అను ఊరిలో పుట్టారు. తండ్రి పన్నులు వసూలు చేసే సర్కారు ఉద్యోగి. పదేండ్లు నిండకముందే ఈ పిల్లవాడు తండ్రి వద్దనున్న సర్కారు సొమ్ములో చేయిపెట్టేవాడు. 14 ఏండ్లప్పుడు తల్లి ప్రాణము పోవుచున్న రాత్రి, ఆ సంగతి తెలియక, రెండు గంటలవరకు పేకాట ఆడుచున్నాడు. 16 ఏండ్లప్పుడు హోటళ్లలో దొరవలె దిగి, తిని, డబ్బు చెల్లించలేక 1821 డిసెంబరు నుండి కొన్ని వారములు జైలులో ఉన్నాడు. అటువంటి కుమారుని తండ్రి పాదిరి చదువుకు పంపాడు. భక్తి కొరకు కాదు, పాదిరికి మంచి జీతము, మంచి ఇల్లు ఉంటాయని!

చదువుకొన్నది హాలే పట్టణములో. ఆ ఊరితో మన తెలుగువారికి పాత బంధుత్వమే ఉన్నది. తెలుగులోనికి బైబిలు తర్జుమాకు మొట్టమొదట పూనుకొన్న షుల్జ్ దొరగారు అక్కడనుండియే వచ్చారు. తిరిగివెళ్లిన తరువాత 1746 ప్రాంతములో తెలుగు క్రైస్తవ పుస్తకములు అచ్చువేయించినదీ అక్కడే. ఆ పట్టణములో 1825 నవంబరులో ఒక శనివారము సాయంత్రము ముల్లర్ స్నేహితునితో కలిసి ఒక ఇంటి ప్రార్థన కూటమునకు వెళ్లాడు. అక్కడ ఒకాయన మోకాళ్లూని ప్రార్థించాడు. పాదిరి చదువు చదువుచున్న ముల్లర్ అంతవరకు ఎవరినీ మోకాళ్ల మీద చూడలేదు, తానును ఎన్నడు మోకరించలేదు. ఇంత చదువుకొన్న తాను ఆ సామాన్యునివలె ప్రార్థించలేడని ఆ రాత్రి ఆయనకు తట్టింది. తన మీద తనకున్న నమ్మకమునకు మొదటి దెబ్బ అదియే.

1829లో ఇంగ్లాండు వచ్చి, మరుసటి సంవత్సరము టేన్‌మత్ అను సముద్రతీర పట్టణములో చిన్న సంఘమునకు కాపరియైనారు. జీతము ఏడాదికి 55 పౌనులు. ఆ అక్టోబరు 7న మేరీ గ్రోవ్స్ అమ్మగారిని వివాహమాడారు. ఆమె అన్నగారైన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ గారే 1836లో బౌడెన్, బీర్ దొరగార్లను వెంటబెట్టుకొని మన దేశమునకు వచ్చినవారు. నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో గోదావరి డెల్టా మిషను వారి వలననే మొదలైంది.

పెండ్లియైన నెలలోనే ముల్లర్ గారు జీతము వద్దన్నారు. ఆ కాలమున ఆ దేశపు గుళ్లలో బల్లలకు అద్దె ఉండేది. డబ్బున్నవారికి ముందు బల్ల, లేనివారికి మూల. కాపరి జీతము ఆ అద్దెలనుండియే వచ్చేది. అది యాకోబు పత్రికకు విరుద్ధమని ఆయనకు తోచింది. అద్దెలు తీసివేయించి, గుడిలో ఒక పెట్టె ఉంచారు, ఇష్టమున్నవారు అందులో వేయవచ్చునని. ఆ పెట్టె వారముల తరబడి తెరువకపోయినను, ఇంట్లో చిల్లిగవ్వ లేకపోయినను, తెరువుమని పెద్దలకు గుర్తుచేయలేదు. చందాల జాబితా బల్లమీద పెట్టుకొని ఈ సంగతి వ్రాయుటకు మాకు సిగ్గుగానే ఉన్నది. పేర్లు, మొత్తములు గుడిలో బిగ్గరగా చదివిన ఆదివారమున తక్కువ ఇచ్చినవారు తలవంచుకొని కూర్చొనుట మేము చూశాము.

1832లో హెన్రీ క్రెయిక్ గారితో కలిసి బ్రిస్టల్ నగరము చేరారు. అనాథ పిల్లలకొరకు గృహము తెరువవలెనని 1835 చివర నిశ్చయించుకొన్నారు. పిల్లల మీద జాలి ఒక కారణము. అంతకంటె ముఖ్యమైన కారణము, కష్టములలో ఉన్న విశ్వాసులు దేవుడు నేటికిని ప్రార్థన ఆలకించునని కళ్లార చూడవలెనని. ధనము కొరకు, ఇంటి కొరకు, పనివారి కొరకు ప్రార్థించారు. గిన్నెలు, బట్టలు, బల్లలు కూడా వచ్చాయి. పిల్లలను చేర్చుకొనుటకు 1836 ఫిబ్రవరి 3వ తేదీ నిర్ణయించి, ఆ దినమున గుడి ప్రక్క గదిలో రెండు గంటలు కూర్చున్నారు. ఒక్కరును రాలేదు!

ఇంటికి నడిచి వెళ్లుచు ఆయన తన తప్పు ఎక్కడున్నదో వెదకుకొన్నారు. అన్నిటి కొరకు ప్రార్థించారు గాని పిల్లల కొరకు ప్రార్థించలేదు. ఊరినిండ అనాథలుండగా పిల్లలకేమి కొదువ అని తనంతట తానే అనుకొన్నారు. ఆ సాయంత్రము సాగిలపడి, అవసరమైతే ఈ పని అంతయు కొట్టివేయుమని కూడా దేవునికి అప్పగించారు. మరునాడే మొదటి దరఖాస్తు వచ్చింది. ఏప్రిల్ 11న విల్సన్ వీధిలో బాలికల గృహము తెరువబడింది.

ఆయన జీవితమంతటిలో మమ్ము ఎక్కువగా పట్టుకొన్నది ఈ రెండు గంటలే. దేవుని నమ్మిన మనిషి కూడా ఏదో ఒక మూల తనను తాను నమ్ముకొనును. అది కష్టమైన చోట కాదు, తేలికయని తోచిన చోటనే. మా జాబితాలో బల్లలున్నవి, పందిరియున్నది. ఈ ఏడు నిర్ధారణ తరగతిలో కూర్చొన్నవారు చేతివ్రేళ్లకు సరిపోదురు. వారి కొరకు కమిటీ వేయలేదు.

ముల్లర్ గారిని తప్పుపట్టినవారును లేకపోలేదు. అడుగనని చెప్పుచునే ఏటేట నివేదిక అచ్చువేయుట అడుగుట కాదా అని వారి ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నయే. దానికి జవాబు 1841 డిసెంబరులో దొరకుచున్నది. ఏడాది లెక్క చదివే బహిరంగ కూటము పెట్టవలసిన సమయమది. సరిగా అప్పుడే చేతిలో డబ్బు అడుగంటింది. కూటము పెట్టినచో అవసరము అందరికీ తెలిసి కానుకలు రావచ్చును. అందుకొరకే ఆయన కూటమును, నివేదికను వాయిదావేశారు. తరువాత కొన్ని నెలలు బహు కష్టముగా గడిచాయి. ఒక్కొక్క దినము మధ్యాహ్న భోజనమునకు ఉదయమున డబ్బు లేదు. అయినను అప్పు చేయలేదు, పిల్లలను పస్తు పెట్టలేదు. లెక్కలు మాత్రము చివరి పైసా వరకు వ్రాసి ఉంచారు. విశ్వాసమని చెప్పి లెక్క వ్రాయని కోశాధికారులకు ఆయన ఆదర్శము కాజాలరు.

తరువాత ఆష్లీ డౌన్ అను మెట్ట మీద పెద్ద గృహములు లేచాయి. మొదటిది 1849లో, అయిదవది 1870లో. మొత్తము 2,050 మంది పిల్లలకు చోటు. మొదటి గృహములో 1857 నవంబరు చివర ఒక చిక్కు వచ్చింది. ఇల్లంతటిని వెచ్చచేసే బాయిలరు కారుచున్నది. దాని చుట్టు ఇటుక కట్టడము, ఎక్కడ కారుచున్నదో కనబడదు. కట్టడము పగులగొట్టవలెనంటే నిప్పు ఆర్పవలెను. లోపల 300 మంది పిల్లలు, బయట చలికాలము. ఊరకుండి ప్రార్థించుదమని ఆయన అనలేదు. పనివారిని పిలిపించి, ఒక బుధవారము నిర్ణయించారు. అంతలో ఎముకలు కొరికే ఉత్తరపు గాలి మొదలైంది. అప్పుడు ఆయన రెండే అడిగారు: గాలి దక్షిణమునకు తిరుగవలెను, నెహెమ్యా కాలములోవలె పనివారికి పనిచేయు మనస్సు కలుగవలెను. మంగళవారము సాయంత్రము వరకు ఉత్తరపు గాలి వీచుచునే ఉన్నది. బుధవారము దక్షిణపు గాలి తిరిగింది, నిప్పు అవసరము లేనంత వెచ్చదనము. సాయంత్రము యజమాని వచ్చి, పనివారు ప్రొద్దుపోయేవరకు పనిచేసి ఉదయమే మరల వస్తారనగా, మేస్త్రి రాత్రంతా చేయుటకే ఇష్టపడుచున్నామని చెప్పాడు. సుమారు 30 గంటలలో బాయిలరు మరల వేడెక్కింది.

డెబ్బై ఏండ్లు నిండవచ్చినప్పుడు, 1875లో, సువార్త ప్రయాణములకు బయలుదేరి 1892 వరకు 42 దేశములు తిరిగారు. మన దేశమునకును వచ్చారు. ఆయన చేతిమీదుగా 10,024 మంది అనాథలు పెరిగారు. తనకని వచ్చిన కానుకలలో 80,000 పౌనులకు పైగా ఇతరులకే ఇచ్చివేశారు.

1898 మార్చి 9, బుధవారము సాయంత్రము గృహములో ప్రార్థన కూటము ఎప్పటివలె తానే నడిపించి, తన గదికి వెళ్లి పడుకొన్నారు. మరునాడు ఉదయము ఆ గదిలోనే ప్రభువునందు నిద్రించారు. వయస్సు 92. ఆయన ఆస్తిని లెక్కకట్టగా 170 పౌనులకు లోపే తేలింది. అందులో సగముకంటె ఎక్కువ పుస్తకముల, ఇంటి సామానుల వెల.