మిలింద మహారాజు: కంచు నాణెం మీద చక్రం

 

బాబాసాహెబ్ 1950లో ఔరంగాబాద్‌లో స్థాపించిన కాలేజీ పేరు మిలింద్. దాని ఆవరణ పేరు నాగసేనవనం. ఎవరీ మిలిందుడు?

ఆయన గ్రీకు రాజు. గ్రీకులో మెనాండర్, పాళీలో మిలిందుడు. క్రీ.పూ. 2వ శతాబ్దం మధ్యలో వాయవ్య భారతాన్ని ఏలాడు. రాజధాని సాగల, అంటే ఇప్పటి పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ అంటారు. బ్రాహ్మణ శాస్త్రాల లెక్కలో యవనుడు మ్లేచ్ఛుడే. కానీ ధమ్మం ఆయన్ని గుమ్మం బయట నిలబెట్టలేదు.

మిలిందుడు దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. ఆయన ప్రశ్నలకి చాలామంది గురువుల దగ్గర జవాబు లేకపోయింది. చివరికి నాగసేన భిక్షువు ఎదురుపడ్డాడు. రాజులా కాదు, పండితుడిలా వాదిస్తేనే మాట్లాడతానని షరతు పెట్టాడు. ఎదురు చెప్పినవాణ్ణి రాజు శిక్షిస్తాడు, పండితుడు శిక్షించడు కదా! రాజు ఒప్పుకున్నాడు.

రథం అంటే ఏంటి? చక్రమా, ఇరుసా, నొగనా? ఏ ఒక్కటీ కాదు. అన్నీ కలిస్తే మనం పెట్టుకున్న పేరు రథం. మనిషీ అంతేనని నాగసేనుడు వివరించాడు. ఆలోచించండి: మనిషిలో మారని ఆత్మే లేనప్పుడు, పుట్టుకతో వచ్చే కులం ఎక్కడ కూర్చుంటుంది?

ఇప్పుడు ఆయన నాణేలు చూద్దాం. వెండివాటి మీద రాజు బొమ్మ, గ్రీకు దేవత ఎథీనా ఉంటాయి. ఒక రకం చిన్న కంచు నాణెం మీద మాత్రం రాజూ లేడు, దేవతా లేదు. ఒకవైపు 8 ఆకుల చక్రం, రెండోవైపు తాటి జాతి మట్ట. ఒకవైపు గ్రీకు అక్షరాలు, ఇంకోవైపు అక్కడి జనం లిపి ఖరోష్ఠి. ఆ చక్రం రాజ్యాధికారానికి గుర్తు అనే పండితులూ ఉన్నారు. అష్టాంగ మార్గం అనేవాళ్లూ ఉన్నారు. ఏదైనా, వెండి పెద్ద బేరాలకి, కంచు సంతలో చిల్లరకి. అంటే ఆ చక్రం మామూలు జనం చేతుల్లో తిరిగింది.

చివరికి కొడుక్కి రాజ్యం అప్పగించి భిక్షువయ్యాడని పాళీ గ్రంథం చెబుతుంది. దండు విడిదిలో చనిపోయాడని, నగరాలు ఆయన చితాభస్మాన్ని సమానంగా పంచుకుని స్మారకాలు కట్టాయని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. బుద్ధుని ధాతువులు పంచుకున్నట్టే!

దీక్ష తీసుకున్న మనల్ని ఇంట్లో పిల్లలు ప్రశ్నలు అడుగుతారు. నోరు మూయించకండి. అడగడంతోనే మిలిందుడు ధమ్మంలోకి వచ్చాడు.