దోర్నకల్ అజరయ్య బిషప్పుగారు – సాక్ష్యమిచ్చు సంఘము

మన తెలుగు సంఘములలో అజరయ్య అని పేరుగల పెద్దలు అనేకులు కనిపిస్తారు. ఆ పేరు తెలుగువారిది కాదు, ఒక తమిళ గురువు మూలముగా మనకు వచ్చినది. నేటి యౌవనస్థులకు ఆ పేరు తెలుసు గాని ఆ మనిషి తెలియడు. వేదశాస్త్ర కళాశాలలో మేము చదువుకొన్న దినములలో కూడ ఆయనను భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పు అని చెప్పి, ఎడింబరో మహాసభలో ఆయన చేసిన ప్రసంగమును గురించి నాలుగు మాటలు చెప్పి, తరువాతి పాఠమునకు వెళ్లిపోయేవారు. మొదటివాడగుట గొప్పే. అయితే ఈ శతవార్షిక సంచికలో మేము చెప్పదలచినది ఆ గొప్పను గురించి కాదు. చదువు రాని కూలివాడు సైతము తాను ఎరిగిన ప్రభువును గూర్చి పొరుగువానితో చెప్పగలడని, చెప్పవలెనని ఆయన నమ్మారు. ఆ నమ్మిక మీదనే ఒక అధ్యక్ష మండలమును కట్టారు. మేము చెప్పదలచినది దానిని గురించి.

వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతములోని వెళ్లాళన్‌విళై గ్రామములో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగంగారు ఆ ఊరి గురువు. పెండ్లి అయిన చాల ఏండ్లకు పుట్టిన కుమారుడు గనుక తల్లి ఎల్లెన్ అమ్మగారు హన్నా వలె మ్రొక్కుకొని బిడ్డకు శామ్యూలని పేరు పెట్టారు. తండ్రి 1889లో ప్రభువునొద్దకు వెళ్లిపోగా తల్లి ప్రార్థనలలో, తల్లి క్రమశిక్షణలో ఆయన పెరిగారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గాని పట్టా చేతికి రాలేదు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి, దక్షిణ దేశమంతట తిరిగి విద్యార్థులలో పనిచేశారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడారు. ఆమె చదువుకొన్న స్త్రీ, ఆయన పరిచర్యలో చివరివరకు సగము భారము మోసినది. చరిత్రలు వ్రాసేవారు ఆమెను ఒక్క వాక్యముతో దాటిపోవుట మాకు ఎన్నడును నచ్చలేదు.

1902లో ఆయన యాఴ్పాణమునకు వెళ్లారు. సింహళ ద్వీపములోని తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుష్యులతో మిషను పని జరిగించుట అక్కడ చూచారు. తిరునెల్వేలి సంఘము వారికంటె ఎంతో పెద్దది, ఎంతో పాతది. అయినను సువార్త చెప్పే పని దొరలది అన్నట్టు కూర్చున్నది. ఈ సంగతి ఆయనను నిద్రపోనియ్యలేదు. మరుసటి సంవత్సరము 1903 ఫిబ్రవరి 12న పాలయంకోటలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టినది. భారతీయుల మనుష్యులు, భారతీయుల ధనము, భారతీయుల నడిపింపు, ఇదే దాని నియమము. 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపురములో, విలియం కేరీగారి గ్రంథాలయములో నేషనల్ మిషనరీ సొసైటీ ప్రారంభమగుటలోను ఆయన చెయ్యి ఉన్నది.

తిరునెల్వేలివారు తమ మిషనరీలను పంపుటకు ఎన్నుకొన్న పొలము నిజాము రాజ్యములోని దోర్నకల్. తమిళులకు అది పరదేశమే. భాష వేరు, తిండి వేరు, రాజు వేరు. రైలు స్టేషను తప్ప చెప్పుకోదగినది లేని చోటు అది. అజరయ్యగారు ఇతరులను పంపి ఊరుకొనలేదు. పంపినవాడు తానును వెళ్లవలెనని ఆయనకు తోచినది. పేరు ప్రఖ్యాతులు గల వై.ఎం.సి.ఎ. ఉద్యోగమును విడిచి, మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్‌గారిచేత 1909లో గురుపట్టము పొంది, భార్యాబిడ్డలతో దోర్నకల్ చేరారు. అప్పటికి ఆయనకు ముప్పది అయిదేండ్లు. ఆ వయస్సులో అఆలు మొదలుకొని తెలుగు నేర్చుకొన్నారు. పరాయి భాషలో ప్రసంగించి చూచిన గురువులకు అది ఎంత శ్రమయో తెలుసు.

1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో దొరలకును దేశస్థులకును మధ్య గల దూరమును గూర్చి ఆయన మాటలాడినది లోకమంతట ప్రసిద్ధము. త్యాగములు చేసినందుకు కృతజ్ఞత చెప్పి, స్నేహము మాత్రము ఇంకను అందలేదని వారి ముఖము మీదనే చెప్పారు. సభలో కొందరికి కోపము వచ్చినది. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రలులో ఆయనకు బిషప్పుగా అభిషేకము జరిగినది. అప్పటికి ఆయనకు ముప్పది ఎనిమిదేండ్లు.

ఇక ఆయన అసలు పనికి వద్దాము. దోర్నకల్ అధ్యక్ష మండలము మొదట చిన్నది. తరువాత కృష్ణా మొదలైన తెలుగు ప్రాంతములు చేరగా విస్తరించినది. ఆయన చివరి దినములకు క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటినది. వారిలో అత్యధికులు మాల, మాదిగ పేటలవారు. భూమి లేదు, అక్షరము లేదు, ఊరి బావి దగ్గరకు పోనిచ్చేవారు లేరు. ఇటువంటివారికి బాప్తిస్మమిచ్చి, వారిని పోషించుటకు దొరసానులను, డబ్బును వెదకుటయే ఆనాటి వాడుక. అజరయ్యగారు వేరుగా తలంచారు. బాప్తిస్మము పొందిన దినముననే ప్రతివాడును మిషనరీ అగుచున్నాడని ఆయన బోధ. గ్రామములకు వెళ్లినప్పుడు ఆయన విశ్వాసులచేత ఒక పని చేయించేవారు. ప్రతివాడును తన చెయ్యి తన తలమీదనే ఉంచుకొని, తాను బాప్తిస్మము పొందిన క్రైస్తవుడననియు, సువార్త ప్రకటింపకపోయిన తనకు శ్రమ అనియు, అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన భావముతో బిగ్గరగా చెప్పవలెను. పశువులు కాచే పిల్లవాడు, నాట్లు వేసే స్త్రీ, ముసలి కూలివాడు అందరును చెప్పవలెను. బిషప్పు చేతులు తలమీద ఉంచుట మనకు తెలుసు. తన చెయ్యి తానే ఉంచుకొనుటలో ఉన్న బరువు వేరు. అక్కడ తప్పించుకొనుటకు గురువు లేడు, ఉపదేశి లేడు.

ఏటేట సాక్ష్య వారము జరిగించుట ఆ అధ్యక్ష మండలములో ఆచారమైనది. ఆ వారములో గురువులు, ఉపదేశులు మాత్రమే కాదు, సంఘస్థులందరును, ఆడవారును, చదువు రానివారును గుంపులుగా చుట్టుపట్ల ఊళ్లకు వెళ్లి, పాటలు పాడి, ప్రభువు తమకేమి చేసెనో చెప్పేవారు. వారికి వేదాంతము తెలియదు. తాగుడు మానినానని, భార్యను కొట్టుట మానినానని, దయ్యములకు భయపడుట మానినానని చెప్పగలరు. ఊరివారు వారిని చిన్నప్పటినుండి ఎరుగుదురు గనుక, చెప్పినది నిజమో కాదో తేల్చుటకు సాక్షులు ఎదుటనే ఉండేవారు. మాకు తోచినంతవరకు ఇందులోనే దాని బలమున్నది. అబద్ధ సాక్ష్యము ఒక్క పూట నిలువదు. మురికి, రోగము, అప్పు, తాగుడు, ఈ నాలుగింటి మీద బిషప్పుగారు ఊరూర ప్రసంగించినది కూడ ఇందుకే. మారని బ్రతుకు నోరు తెరచిన యెడల నష్టమే గాని లాభము లేదని ఆయనకు తెలుసు.

ఫలితము ఆయన ఊహించినదానికంటె వింతగా వచ్చినది. 1920, 1930 దశాబ్దములలో తెలుగు దేశములో కొన్నిచోట్ల సవర్ణులును బాప్తిస్మమునకు రాసాగిరి. పండితుల వాదములు వారిని తేలేదు, తమ పొలములలో పనిచేసే మాల మాదిగల మార్పే తెచ్చినది. ఎవరి నీడ సోకరాదని తలంచారో వారినుండియే సువార్త వినవలసి వచ్చినది. కులము గోడ దీనితో కూలిపోయినదని చెప్పలేము. పేటకు పేట వేరుగా కూర్చున్న సంఘములు ఆ దినములలో ఉన్నవి, నేడును మన మధ్య ఉన్నవి. బిషప్పుగారు జీవితమంతయు దానితో పోరాడారు, పూర్తిగా జయించలేదు.

పేదవారు గనుక ఇయ్యలేరు అనే మాటను ఆయన ఒప్పుకొనలేదు. వంట చేసేటప్పుడు తల్లులు ఎసటిలో పోసే బియ్యములోనుండి గుప్పెడు తీసి ప్రభువుకొరకు ప్రత్యేకించేవారు. కోత పండుగకు ధాన్యము, కోళ్లు, గుడ్లు తెచ్చేవారు. క్రైస్తవుల ఈవిని గూర్చి ఆయన ఒక పుస్తకమే వ్రాశారు. ఉపదేశులకు తర్ఫీదు ఇచ్చేటప్పుడు వారి భార్యలకును చదువు చెప్పించారు. ఉపదేశి పొలములలో మాటలాడగా, అతని భార్య పొయ్యిదగ్గర మాటలాడవలెను గదా! దోర్నకల్‌లో గోపురములు, మినారులు, తామరపూల శిల్పములు కలిసిన ఎపిఫనీ కథీడ్రలును ఏండ్ల తరబడి కట్టించి, 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. యేసు ప్రభువు ఈ దేశమునకు పరదేశి కాడని రాతితో చెప్పుట కూడ సాక్ష్యమే.

ఆయనకు విరోధము రాకపోలేదు. 1930 దశాబ్దములో గాంధీగారు సామూహికముగా జరిగే మతాంతరములను గట్టిగా విమర్శించారు. ఆసుపత్రులు, బడులు నడిపిన చాలును, మతము మార్చవద్దని ఆయన కోరిక. అజరయ్యగారు ఖాదీని, స్వదేశీ భావమును ప్రేమించినవారే. అయినను ఈ ఒక్క సంగతిలో తలవంచలేదు. తాను పొందిన మేలును పొరుగువానికి దాచిపెట్టుట ప్రేమ కాదని ఆయన వాదము. అదే కాలములో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు ఇచ్చుటను ఆయన ఎదిరించారు. ఓట్లు లెక్కపెట్టుకొనే జాతిగా సంఘము మారిన యెడల, పొరుగువానితో ప్రభువును గూర్చి చెప్పుట అతని ఓటును లాగుకొనుటగా కనబడుననియు, సాక్ష్యము చెడిపోవుననియు ఆయన భయము. ఈ విషయములో క్రైస్తవ నాయకులలోనే చాలమంది ఆయనతో ఏకీభవించలేదు. మాకైతే ఆయన చూచినది దూరము చూచినట్టే కనబడుచున్నది.

చీలిపోయిన సంఘము సాక్ష్యమియ్యలేదని 1919 మే నెలలో తరంగంబాడిలో కూడిన గురువులలో ఆయన ముఖ్యులు. అక్కడ మొదలైన ఐక్య ప్రయత్నము కొరకు ఇరువది అయిదేండ్లు పాటుపడ్డారు. ఆంగ్లికను బాప్తిస్మము, మెథడిస్టు బాప్తిస్మము అని గ్రామస్థునికి వివరించవలసి వచ్చుట ఆయనకు సిగ్గుగా తోచేది.

ఆ ఐక్యతను ఆయన కన్నులారా చూడలేదు. 1945 జనవరి 1న దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించారు. తాను కట్టించిన కథీడ్రలు ప్రక్కనే ఆయనను సమాధి చేశారు. రెండేండ్ల తరువాత 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. దోర్నకల్ సంఘస్థులును అందులో చేరారు.