ఘంటసాల వారి చివరి రికార్డు

శ్రీనగర్ కాలనీలో గదులు అద్దెకు తీసుకుని చదువుకునే మన మిత్రులకు ఈ అనుభవం కొత్త కాదు. పంజగుట్ట శ్మశానం వైపు ఒక వాహనం నెమ్మదిగా పోతూ ఉంటుంది. అందులోంచి భగవద్గీత వినబడుతుంది. ఇళ్లల్లో కిటికీలు మూసుకుంటాయి. ఆ గొంతు ఘంటసాల వెంకటేశ్వరరావు గారిది! తెలుగువాళ్లు ఇంతగా ప్రేమించిన గొంతు మరొకటి లేదు గదా, మరి ఇదేమిటి?

ఆయన 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. చేతి ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరి, జోలె పట్టి ఇంటింటా మధుకరం ఎత్తి సంగీతం నేర్చుకున్నారు. (మెస్సులో సాంబారు పలచనైందని సమ్మె చేసే మనం ఈ ముక్క కాస్త ఆగి చదవాలి.) గురువు పట్రాయని సీతారామశాస్త్రి గారు. ఆ గురువు గారి అబ్బాయి సంగీతరావు గారే తర్వాత మద్రాసులో ఏళ్ల తరబడి ఘంటసాలకు సహాయకులుగా ఉన్నారు. 1942 ఉద్యమంలో జైలు, ఆ పైన రేడియో, సినిమా. 'పాతాళభైరవి' నాటినుంచి కథ అందరికీ తెలిసిందే.

సినిమాకు బయట ఆయన ఇచ్చిన రికార్డులదే వేరే దారి. కరుణశ్రీ గారి 'పుష్పవిలాపం' పాడినప్పుడు నాటకాల పద్ధతిలో రాగం సాగదీయలేదు, పద్యానికి అర్థాన్ని ముందు నిలబెట్టారు. రాగాల కోసమే రాత్రంతా మేలుకునే వాళ్లకు అది చప్పగా తోచి ఉండొచ్చు. జనం మాత్రం కంటతడి పెట్టారు.

చివరి రోజుల్లో మధుమేహం, గుండెజబ్బు. ఆ స్థితిలో గీతలోని 700 శ్లోకాల్లోంచి నూరు చిల్లర ఎంచి, రకరకాల రాగాల్లో పాడి, తెలుగు తాత్పర్యం తన గొంతుతోనే చెప్పారు. 1974 ఫిబ్రవరి 11న, 51 ఏళ్లకే వెళ్లిపోయారు. రికార్డు జనానికి చేరింది ఆ తర్వాతే. విన్నవాళ్లు విన్నది పోయిన మనిషి గొంతు. గుడి మైకులకెక్కింది, క్యాసెట్లయింది, చివరికి శవవాహనమెక్కింది.

సినిమా గాయకుడికి గీత ఏమిటి అనే పండితులుంటే వారికి నా మనవి ఒకటే. దాదాపు 30 ఏళ్లు పాత్రకొక గొంతు పలికించిన అనుభవమే ఇక్కడ అక్కరకొచ్చింది. అర్జునుడి దిగులు వేరుగా, కృష్ణుడి నిబ్బరం వేరుగా వినబడుతుంది. అసలు గీత చెప్పింది బతికున్న కుర్రాడికి, విల్లు జారవిడిచి కూలబడ్డవాడికి. మనం లేవలేని వాడికి వినిపిస్తున్నాం!

పరీక్షల ముందు ఒక రాత్రి మా గదిలో ఆ గీత పెట్టుకున్నాం. ఇంటి బామ్మగారు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, ఎవరు పోయారు నాయనా అని అడిగారు. ఎవరూ పోలేదు, కూర్చోండి బామ్మగారూ అన్నాం. విశ్వరూపం అయ్యేదాకా ఆవిడ కదల్లేదు.